ఆఫ్ కాని కంప్యూటర్ దేనికోసం ఆగుతున్నట్టు?



కంప్యూటర్ ఆన్ కాకపోతే ఊరంతా దాని చుట్టూ చేరుతది. అదే ఆఫ్ అయ్యేటప్పుడు ఆలస్యం చేస్తే ఎవరూ పట్టించుకోరు. "తిరగనీ, పొద్దున్నకల్లా అదే ఆగుతది" అంటరు. లేకపోతే వైరు పీకేస్తరు. మన పని అయిపోయినంక అది ఎంతసేపు తిరిగితే మనకేంది అన్న లెక్క. ఈ పోస్టు ఆ లెక్క గురించే. కొంచెం పొడుగు ఉంటది, తీరిక ఉన్నప్పుడు చదవండి. ఊరి గదిలోనో, హాస్టల్లోనో పాత సిస్టం ఉన్నోళ్లు మాత్రం తప్పకుండా చదవండి.

మా ఊరు ఉట్నూర్ వైపు. యువజన సంఘం గదిలో ఒక డెస్క్‌టాప్ ఉన్నది. ఏదో ఆఫీసులో కొత్తవి వచ్చినంక పక్కన పెట్టిన పాతది మాకు ఇచ్చిన్రు. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. నోటిఫికేషన్లు పడితే పిల్లలు అప్లికేషన్లు పెట్టేది దాని మీదనే. కుల ధ్రువపత్రాలు, మెమోలు, స్కాలర్‌షిప్ కాగితాలు స్కాన్ చేసి పెట్టింది అందులోనే. అవన్నీ పోయినా మళ్లీ తెచ్చుకోవచ్చు, మీసేవ చుట్టూ నాలుగు రోజులు తిరిగితే సరి. మళ్లీ తెచ్చుకోలేనివి అందులో ఇంకొకటి ఉన్నయి. 2021 నుంచి మేము నలుగురైదుగురం కలిసి ఊరి పెద్దోళ్ల దగ్గర కూర్చొని రికార్డు చేసిన ఆడియోలు. మొత్తం 41. ప్రధాన్ తాతలు కీక్రి వాయించుకుంట చెప్పిన కథలు, దండారి పాటలు, ఊరు ఎట్ల కట్టిన్రో, ఏ చెట్టుకు గోండీలో ఏం పేరో చెప్పిన మాటలు. రికార్డు చేసిన ఫోన్లలో ఒకటి వాగులో పడ్డది, ఇంకొకటి స్క్రీన్ పోయి ఎక్స్చేంజ్‌లో వెళ్లిపోయింది. అంటే ఆ గొంతులు ఉన్న జాగా ఆ ఒక్క పెట్టె.

గుంజాల సంగతి మీకు తెలిసిందే. నార్నూర్ మండలంలోని ఆ ఊర్లో పాత రాతప్రతులు భద్రంగా ఉండబట్టే గుంజాల గోండీ లిపి బయటి లోకానికి తెలిసింది, 2018లో యూనికోడ్‌లో దానికి చోటు దొరికింది. అది కాగితం. ఎవరో బట్టలో మూటగట్టి దాచిన్రు, తరాలు నిలిచింది. హార్డ్ డిస్క్‌ను మూటగట్టి దాస్తే దాగదు. అది తిరిగే వస్తువు, ఏదో ఒకనాడు ఆగుతది.

ఇక కరెంటు. వానకాలం మా దిక్కు కరెంటు ఎప్పుడు పోతదో, ఎప్పుడు వస్తదో చెప్పే మనిషి లేడు. యూపీఎస్ ఉన్నది గానీ బ్యాటరీ పాతది, కరెంటు పోయినంక ఐదు నిమిషాలు ఆగితే ఎక్కువ. కంప్యూటర్‌కు ఆఫ్ కావడానికి ఆరు నిమిషాలు. లెక్క మీరే చూడండి. కరెంటు పోయిన వెంటనే షట్‌డౌన్ కొట్టినా, అది సగంలో ఉండంగనే యూపీఎస్ కుయ్ కుయ్ మని చచ్చిపోయేది. ఆ జూన్, జూలైలో అట్ల ఎన్నిసార్లు అయ్యిందో.

పట్నంలో రిపేరు షాపుకు ఫోన్ చేసి అడిగితే, చూడకుండనే "ఫార్మాట్ కొట్టాలి, తీసుకొని రండి" అన్నడు. డేటా ఏమైతదని అడిగితే "ముఖ్యమైనవి మీరే తీసుకోవాలి" అన్నడు. మన దిక్కు చాలా కంప్యూటర్లకు దొరికే వైద్యం ఇదే. తలనొప్పి అంటే తల మార్చుడు. గోడు చెప్పుకుందామని రాస్తలేను, ఎందుకంటే మా కంప్యూటర్‌కు ఫార్మాట్ కొట్టి ఉంటే ఏమయ్యేదో కింద చదివితే మీకే తెలుస్తది.

ముందు ఒక సంగతి అర్థం చేసుకోవాలె. షట్‌డౌన్ అంటే లైటు స్విచ్ ఆపినట్టు కాదు. పొద్దుమూకినంక చేను నుంచి ఇంటికి వచ్చేటప్పుడు ఎడ్లను విప్పి, నాగలి చెట్టుకు ఆనించి, విత్తనాల సంచి మూతి కట్టి, అందరూ వచ్చిన్రా లేదా చూసుకొని బయలుదేరుతం కదా, అట్లాంటిది. తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నిటికీ విండోస్ "మూసుకో" అని కబురు పెడుతది. తర్వాత మనకు కనపడకుండ వెనక నడిచే సర్వీసులకు పెడుతది. ర్యామ్‌లో ఉండి ఇంకా డిస్క్ మీదికి ఎక్కని రాతలన్నీ డిస్క్ మీద రాపిస్తది. అవన్నీ అయినంకనే కరెంటు ఆపుతది. ఆలస్యం అయితున్నదంటే ఈ వరుసలో ఎవరో ఒకరు జవాబు ఇస్తలేరన్న మాట. వైరు పీకితే మిగిలినోళ్లందరినీ చేనులోనే వదిలేసి వచ్చినట్టు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఒక చిట్టా ఉంటది, దాని వల్ల ఫోల్డర్ల అమరిక చాలావరకు నిలబడుతది. కానీ ఆ నిమిషంలో రాస్తున్న ఫైల్ లోపలి సరుకుకు ఆ చిట్టా పూచీ లేదు. కాబట్టి అడగాల్సింది "ఎట్ల తొందరగా ఆపాలె" అని కాదు, "ఎవరు జవాబు ఇస్తలేరు" అని.

మేము మొదలు చేసింది ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకొని కూర్చోవడం. నవ్వకండి, సగం రోగం దీంతోనే తెలుస్తది. షట్‌డౌన్ నొక్కిన దగ్గరి నుంచి సీపీయూ ఫ్యాన్ ఆగేదాకా 6 నిమిషాల 10 సెకన్లు. మళ్లీ ఆన్ చేసి, ఈసారి రీస్టార్ట్ నొక్కినం. స్క్రీన్ నల్లగ అయి మళ్లీ కంపెనీ గుర్తు వచ్చేదాకా 4 నిమిషాల 20 సెకన్లు. రెండూ ఆపడమే కదా, రెండింటికీ తేడా ఎందుకు రావాలె?

తేడా ఫాస్ట్ స్టార్టప్ అనే దానిది. విండోస్ 8 నుంచి వచ్చింది. షట్‌డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా పడుకోదు. మన ప్రోగ్రాములను మూసేసి, తన లోపలి కెర్నెల్ భాగాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టు డిస్క్ మీద ఒక పెద్ద ఫైల్‌లో రాసుకొని పడుకుంటది. రేపు ఆన్ చేస్తే ఆ ఫైల్ చదువుకొని తొందరగా లేస్తది. రీస్టార్ట్ నొక్కితే మాత్రం ఈ రాత ఉండదు, నిజంగ పూర్తిగా ఆగి మళ్లీ మొదలైతది. మంచి డిస్క్ అయితే ఆ రాతకు కొన్ని సెకన్లు చాలు. మా దాంట్లో దాదాపు రెండు నిమిషాలు తీసుకుంటున్నది. అది ఎందుకో అప్పుడు మేము ఆలోచించలేదు, ముందు దాన్ని ఆపేసినం. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో ఎడమ పక్కన "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ", పైన "ఛేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవైలబుల్" నొక్కితే కింద ఫాస్ట్ స్టార్టప్ పక్కన టిక్ ఉంటది. అది తీసేసి సేవ్ కొట్టాలె. ఆన్ కావడం కొంచెం లేటు అయితది, పర్వాలేదు. మనకు సమస్య ఆపేటప్పుడు కదా.

షట్‌డౌన్ కూడా 4 నిమిషాల 20 సెకన్ల దగ్గరికి దిగింది. ఇంకా ఎక్కువనే.

తర్వాత ఈవెంట్ వ్యూయర్. స్టార్ట్ మెనూలో ఇంగ్లీషులో ఈవెంట్ అని టైప్ చేస్తే వస్తది. చాలామంది ఒకసారి తెరిచి, ఎర్ర గుర్తులు చూసి భయపడి మూసేస్తరు. ఎర్రగ ఉన్నదల్లా రోగం కాదు, మంచి కంప్యూటర్లలో కూడా అవి ఉంటయి. మనం చూడాల్సిన జాగా వేరు. ఎడమ దిక్కు "అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్", దాని కింద మైక్రోసాఫ్ట్, దాని కింద విండోస్, దాని కింద "డయాగ్నోస్టిక్స్ పెర్ఫార్మెన్స్", చివరికి "ఆపరేషనల్". అక్కడ 200 నంబరుతో ఉన్న వరుసలో షట్‌డౌన్‌కు ఎంతసేపు పట్టిందో మిల్లీసెకన్లలో రాసి ఉంటది, వెయ్యితో భాగిస్తే సెకన్లు. 201 అంటే ఏదో ప్రోగ్రాం ఆలస్యం చేసింది, 202 అంటే ఏదో పరికరం డ్రైవర్, 203 అంటే ఏదో సర్వీసు. పేరు కూడా అక్కడనే ఉంటది. పంచాయితీలో సాక్షి లేచి పేరు చెప్పినట్టు చెప్తది. ఇంత చక్కటి సంగతి లోపల రాసిపెట్టి ఉంటే, దాన్ని తెరవకుండ ఫార్మాట్ కొట్టుమనేటోళ్లను ఏమనాలె?

మా దాంట్లో 203 కింద ఒకే పేరు మళ్లీ మళ్లీ వచ్చింది. అది వేలిముద్రలు తీసుకునే యంత్రం సర్వీసు. పాత ఆఫీసులో హాజరు కోసం పెట్టుకున్నది. యంత్రం అక్కడనే ఉండిపోయింది, దాని సాఫ్ట్‌వేర్ మాత్రం కంప్యూటర్‌తో పాటు మా ఊరికి వచ్చింది. ఆఫ్ చేసే ప్రతిసారీ అది లేని యంత్రం కోసం వెతికేది, తర్వాత ఎక్కడో ఉన్న సర్వర్‌కు ఆ రోజు హాజరు పంపాలని చూసేది. మా గదిలో నెట్ లేదు, ఫోన్ హాట్‌స్పాట్ పెడితేనే. ఎవరి హాజరో, ఏ ఆఫీసుకో, రోజూ రాత్రి మా ఊర్లో కూర్చొని పంపాలని చూస్తున్నది పాపం!

మామూలుగ విండోస్ సర్వీసులకు ఎక్కువ టైం ఇవ్వదు, 5 సెకన్లు చూసి ఆపేస్తది. కానీ కొన్ని సర్వీసులు "నా పని పెద్దది, నన్ను ముందు పిలువు, నాకు ఎక్కువ టైం కావాలె" అని ముందే రాయించుకొని ఉంటయి. ఇది అట్లాంటిది. సెట్టింగ్స్‌లో యాప్స్‌కు పోయి ఆ సాఫ్ట్‌వేర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసినం. పనికొచ్చే దానిదో కాదో తెలియని సర్వీసు మీకు దొరికితే వెంటనే తీసేయకండి. సర్వీసెస్ కిటికీలో దాన్ని మాన్యువల్‌కు మార్చి రెండు రోజులు చూడండి. ఏదైనా పని ఆగిపోతే మళ్లీ ఆటోమేటిక్ పెట్టుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ పేరు ఉన్నవాటి జోలికి పోవద్దు.

ఇప్పుడు 1 నిమిషం 50 సెకన్లు. గదిలో ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. యూపీఎస్ ఐదు నిమిషాలు ఆగుతది కాబట్టి ఇక భయం లేదు, అయిపోయింది అన్నరు. నిజానికి చాలామంది ఇక్కడనే ఆపుతరు.

ఇక్కడ యూట్యూబ్ వీడియోల గురించి ఒక మాట చెప్పాలె. "ఒక్క సెట్టింగ్‌తో 3 సెకన్లలో షట్‌డౌన్" అని వందల వీడియోలు ఉన్నయి. వాళ్లు చెప్పేది రిజిస్ట్రీలో ఒక విలువ మార్చమని. సర్వీసులకు ఇచ్చే ఆ 5 సెకన్లను 1 సెకనుకో 2 సెకన్లకో తగ్గించమని. పని చేస్తది, కాదనను. కానీ అది ఏం చేస్తదో చూడండి. జవాబు ఇయ్యనోడు ఎవడో తెలుసుకోకుండనే అందరి గొంతు నొక్కుతది. రాస్తున్నోడు రాస్తుండంగనే ఆగిపోతడు. వైరు పీకడమే, కాకపోతే మర్యాదగ. నా ఉద్దేశంలో ఆ విలువ ముట్టకపోవడమే మంచిది. మా కంప్యూటర్‌లో దాన్ని తగ్గించి ఉంటే అసలు సంగతి మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

అసలు సంగతి ఆ మిగిలిన 1 నిమిషం 50 సెకన్లలో ఉన్నది. ఏ ప్రోగ్రామూ తెరవకుండ, కొత్తగ ఆన్ చేసి, పది నిమిషాలు ఊరికే ఉంచి ఆపినా అంతే పడుతున్నది. లాగ్‌లో 203 రావడం బంద్ అయింది, ఎవరి పేరూ లేదు. కానీ పెట్టె ముందరి చిన్న లైటు, హార్డ్ డిస్క్ పని చేస్తుంటే మెరిసేది, అది మెరుస్తలేదు, ఆగకుండ వెలుగుతనే ఉన్నది. డిగ్రీలో కంప్యూటర్స్ చదివే మా చెల్లె దాన్ని గమనించింది. "దాదా, రాసేది ఏం లేనప్పుడు అది ఏం రాస్తున్నది?" అన్నది.

టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ చూసినం. యాక్టివ్ టైం 100 శాతం. చదివే, రాసే వేగం చూస్తే సెకనుకు ఒక ఎంబీ కూడా లేదు. అంటే మనిషి చెమటలు కక్కుకుంట పని చేస్తున్నడు, మడి మాత్రం కదలడం లేదు. మళ్లీ ఈవెంట్ వ్యూయర్, ఈసారి "విండోస్ లాగ్స్" కింద "సిస్టం". అక్కడ సోర్స్ దగ్గర డిస్క్ అని, నంబరు 7 అని ఉన్న వరుసలు పదుల్లో ఉన్నయి. ఆ 7 చెప్పేది ఒకటే, డిస్క్ మీద చెడిపోయిన గడి ఉన్నది అని. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటది, డిస్క్ తన ఆరోగ్యం గురించి తాను రాసుకునే లెక్కలను చూపెడుతది. తెరిస్తే పసుపు రంగు, "కాషన్". కరెంట్ పెండింగ్ సెక్టార్స్ అనే వరుసలో సున్నా ఉండాలె, మా దాంట్లో సున్నా లేదు.

ఇప్పుడు అన్నీ ఒక దారానికి ఎక్కినయి. డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్ లోపల పళ్లెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతది, అంటే సెకనుకు 120 సార్లు. ఒక గడి చదవడం రాకపోతే డిస్క్ "రాలేదు" అని వెంటనే చెప్పదు. పళ్లెం మళ్లీ తిరిగి వచ్చేదాకా ఆగి మళ్లీ చదువుతది, రాకపోతే మళ్లీ. అట్ల వందల సార్లు ప్రయత్నం చేస్తది. పగటిపూట మనం పని చేస్తున్నప్పుడు ఇది అంతగ కనపడదు, ఎందుకంటే రాతలు ర్యామ్‌లో ఆగి ఉంటయి, తర్వాత నిదానంగ డిస్క్‌కు పోతయి. మనకు కొంచెం స్లో అనిపిస్తది, పాతది కదా అనుకుంటం. షట్‌డౌన్ అప్పుడు ఆ సాకు లేదు. ఉన్నదంతా ఇప్పుడే రాయాలె. అందుకే చెడిపోతున్న డిస్క్ మొదలు దొరికిపోయేది ఆపేటప్పుడు. ఫాస్ట్ స్టార్టప్ రాతకు రెండు నిమిషాలు పట్టింది కూడా ఇందుకే. వేలిముద్రల సర్వీసు అడ్డం ఉండడం వల్ల దాని వెనక ఉన్నది మాకు కనపడలేదు, అంతే.

అంటే ఆ కంప్యూటర్ మొండికేయలేదు. నెలల నుంచి రోజూ సాయంత్రం, నా డిస్క్ పోతున్నది అని చెప్తున్నది.

ఇక్కడ ఫార్మాట్ కొట్టి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు చెప్పనవసరం లేదు. చచ్చిపోతున్న డిస్క్ మీదనే కొత్త విండోస్ ఎక్కించేటోళ్లు, ఒక వారం బాగానే నడిచేది, 41 ఫైళ్లూ పోయేవి. ఇంకొకటి, నెట్‌లో చెప్తరు, డిస్క్‌లో గడులు చెడితే చెక్ డిస్క్ పెట్టి రిపేరు చేయమని. ముందు కాపీ, తర్వాతనే ఏదైనా. చెక్ డిస్క్ పూర్తి పరీక్ష పెడితే డిస్క్ మూల మూలనా గంటల తరబడి చదువుతది. ప్రాణం కొట్టుమిట్టాడుతున్నోన్ని పరుగు పందెంలో దింపినట్టు.

కాపీ చేసేటప్పుడు మామూలు కాపీ, పేస్ట్ పెట్టలేదు. అది చెడ్డ ఫైల్ దగ్గరికి రాంగనే కొయ్య అయి నిలబడుతది. విండోస్‌లోనే రోబోకాపీ అని ఒక కమాండ్ ఉన్నది. ఒక ఫైల్ రాకపోతే ఒకసారి మళ్లీ చూసి వదిలేసి ముందుకు పో అని దానికి చెప్పొచ్చు. చెప్పడం మరిచిపోవద్దు. ఏమీ చెప్పకపోతే అది ఒక్క ఫైల్ కోసం పది లక్షల సార్లు, సారికి 30 సెకన్లు ఆగుకుంట ప్రయత్నిస్తది. తయారు చేసినోడి ఓపికకు దండం పెట్టాలె. మొదలు ఆడియోలు, తర్వాత గోండీ మాటల ఎక్సెల్ ఫైల్, ఆఖరికి సర్టిఫికెట్లు, ఆ వరుసలో ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించినం. సాయంత్రం ఐదింటికి మొదలుపెడితే రాత్రి రెండు దాటింది. ఆ రాత్రి కరెంటు పోలేదు. మొక్కుకున్నోళ్లు మొక్కుకున్నరు.

38 వచ్చినయి. మూడు రాలేదు.

చందాలు వేసుకొని 256 జీబీ ఎస్ఎస్‌డీ కొన్నం, అప్పటి ధరకు రెండు వేల లోపలనే అయింది. అందులో తిరిగే పళ్లెం ఉండదు. స్క్రూడ్రైవర్‌తో పాతది తీసి కొత్తది బిగించడం చెల్లెనే చేసింది, నేను టార్చి పట్టిన. కొత్తగ విండోస్ ఎక్కించినంక అదే 4 జీబీ కంప్యూటర్ ఆఫ్ కావడానికి 11 సెకన్లు. అయితే ఎస్ఎస్‌డీ పెట్టుకున్నం కదా ఇక భయం లేదు అనుకోవద్దు. హార్డ్ డిస్క్ పోయే ముందు చప్పుడు చేస్తది, స్లో అయితది, ఏదో ఒక గుర్తు ఇస్తది. ఎస్ఎస్‌డీ చాలాసార్లు చెప్పకుండనే పోతది. అందుకే ఇప్పుడు ఆడియోలు మూడు జాగాల్లో ఉన్నయి. గదిలో ఒకటి, పెన్‌డ్రైవ్ పక్క ఊర్లో పటేల్ ఇంట్ల ఒకటి, గూగుల్ డ్రైవ్‌లో ఒకటి.

మీ అందరి రోగం ఇదే అయి ఉండదు. హాస్టల్‌లో ఉండే ఒక చెల్లె ల్యాప్‌టాప్ ఆఫ్ కాదని పంపితే, చూస్తే అది నీలం స్క్రీన్ మీద "ఈ యాప్ షట్‌డౌన్‌ను ఆపుతున్నది" అని వర్డ్ పేరు చూపిస్తున్నది. ఆ అమ్మాయి రోజూ "షట్‌డౌన్ ఎనీవే" నొక్కుతున్నది. సేవ్ చేయని ప్రాజెక్టు రిపోర్టు అందులో ఉన్నది! అట్ల పేరు కనపడితే క్యాన్సిల్ కొట్టి, వెనక్కి పోయి, సేవ్ చేసి రండి. ఇంకొకరి దాంట్లో ప్రింటర్‌కు పంపిన కాగితం ఒకటి క్యూలో ఇరుక్కొని ఉన్నది, అది తీసేస్తే సరిపోయింది. అప్‌డేట్ నడుస్తున్నప్పుడు అయితే ఆగడం తప్ప వేరే దారి లేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది కాబట్టి పాత సిస్టంలలో కొందరు ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ పెట్టుకుంటున్నరు. అందులో ఆపేటప్పుడు "ఎ స్టాప్ జాబ్ ఈజ్ రన్నింగ్" అని వచ్చి ఒకటిన్నర నిమిషం లెక్కపెడితే భయపడకండి. అది మామూలుగ ఇచ్చే గడువు, 90 సెకన్లు. దాని పక్కనే ఎవరి కోసం ఆగుతున్నదో పేరు ఉంటది, అది రాసి పెట్టుకోండి.

ఎవరిదైనా సిస్టం ఇట్ల చేస్తుంటే 200, 203, డిస్క్ 7 వరుసల ఫోటో తీసి నాకు పంపండి, చెల్లె, నేను కూర్చొని చూస్తం. పైసలు అక్కర లేదు.

ఆ రాని మూడు ఫైళ్ల సంగతి. పాత డిస్క్ పారేయలేదు, లినక్స్‌లో డీడీ రెస్క్యూ అనే దానితో రెండుసార్లు చూసినం, ఆ మూడు ఉన్న గడులు మాత్రం చదవడానికి రాలేదు. మూడింట్లో రెండు కథలు చెప్పిన పెద్దోళ్లు ఉన్నరు. ఒక అవ్వ మళ్లీ చెప్పింది, "అప్పుడు సరిగ వినలేదా పిల్లగా" అని తిట్టుకుంటనే, ఈసారి ఇంకా ఎక్కువ చెప్పింది. రెండో ఆయన పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర అయిపోయినంక రమ్మన్నడు. 2021లో పద్మశ్రీ తీసుకున్న గుస్సాడీ కనకరాజు గారు 2024 అక్టోబర్‌లో పోయినప్పుడు పేపర్లల్ల రాసిన్రు, ఆయన ఆట వీడియోలు ఎన్నో ఉన్నయి. మూడో ఫైల్‌లో ఉన్న ప్రధాన్ తాత గురించి ఏ పేపర్లో రాయలేదు. ఆయన పోయిన ఎండాకాలం పోయిండు.

ఆ రికార్డింగ్ 2022 దండారి రోజుల్లో ఒక రాత్రిది, దాదాపు 50 నిమిషాలు. మా ఊరి దండారికి చుట్టు ఊర్ల నుంచి చాలామంది వచ్చిన్రు, పది మందికి పైన ఫోన్లు పట్టుకొని కూర్చున్నరు. కథ మొదలైన కొంచెం సేపటికి కీక్రి తీగ ఒకటి తెగింది. తాత నవ్వి, "ఇది నాకంటే ముసలిది" అన్నడు. అందరూ నవ్విన్రు. తీగ కట్టుకొని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నడు. మీ ఫోన్లో గానీ, మీ అన్నల, బావల ఫోన్లల్ల గానీ, పాత మెమరీ కార్డుల్ల గానీ అట్లాంటిది ఉన్నదేమో ఒకసారి చూడండి. ఐదు నిమిషాల ముక్క అయినా సరే. వాట్సాప్‌లో ఆడియోగ పంపకండి, డాక్యుమెంట్‌గ పంపండి. ఫోన్ పగిలి మూలకు పడి ఉన్నా చెప్పండి, మేమే వచ్చి కార్డు తీసుకుంటం.